అత్తమ్మకు చెప్పిన ఇంగ్లీషు దయ్యాల కథలు

నేను పీహెచ్‌డీ చేస్తున్నది దయ్యాల కథల మీద అని తెలిసిన రోజున మా కాలేజీ స్టాఫ్‌రూంలో అందరూ ఒక్కసారే నవ్వారు. కెమిస్ట్రీ మేడం అయితే, "మరి ప్రాక్టికల్స్ ఎక్కడమ్మా, శ్మశానంలోనా?" అని అడిగింది. నేనూ వాళ్ళతోపాటు నవ్వేశాను. తర్వాత్తర్వాత అదే అలవాటైపోయింది. ఎవరైనా అడిగితే ముందు నేనే ఓ నవ్వు నవ్వి, ఆ తర్వాత చెప్పేదాన్ని.

నా పరిశోధన ఒకే ఒక్క రచయిత మీద. వందేళ్ళ కిందటి ఇంగ్లండు పండితుడాయన. పాస్టరు గారి కొడుకు. పెళ్ళి చేసుకోలేదు. చదువుకున్న చోటే ఉండిపోయి, ఒక కాలేజీకి, ఆ తర్వాత ఒక పెద్ద బడికి అధిపతిగా పనిచేశాడు. పాత లైబ్రరీల్లో మూలుగుతున్న చేతిరాత పుస్తకాలను ఒక్కొక్కటీ తెరిచి, దేనిలో ఏముందో ఓపిగ్గా జాబితాలు రాశాడు. పండితులకు ఆయన ఆ జాబితాలతో తెలుసు. మామూలు పాఠకులకు మాత్రం దయ్యాల కథలతోనే తెలుసు. ఏటేటా క్రిస్మస్‌కి స్నేహితులనీ, విద్యార్థులనీ తన గదికి పిలిచి, కొత్తగా రాసిన కథ చదివి వినిపించేవాడట. ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు. మా ఇంట్లో ఆయన్ని ఎవరూ పేరుతో పిలవలేదు కూడా. మా అత్తమ్మ ఆయన్ని "పాస్టరు గారి అబ్బాయి" అంటుంది.

ఆ పిలుపు ఎలా వచ్చిందో చెప్పాలంటే ముందు మా ఇంటి సంగతి చెప్పాలి.

నేను గరివిడి పక్క పల్లెలో, వ్యవసాయం చేసుకునే ఇంట్లో పుట్టాను. నాన్న వరి పండిస్తూనే ఫ్యాక్టరీలో పనికి వెళ్ళేవాడు. ఎం.ఏ. చదివేటప్పుడు పరిచయమైన అబ్బాయిని పెళ్ళి చేసుకున్నాను. వాళ్ళది బాప్టిస్టు కుటుంబం. పెళ్ళికి మా నాన్న వచ్చాడు కానీ, వెనక వరసలో కూర్చుని, భోజనానికి ఆగకుండా బస్సెక్కి వెళ్ళిపోయాడు. అత్తమ్మ మిషన్ ఆసుపత్రిలో ముప్పై ఏళ్ళకు పైగా స్టాఫ్ నర్సుగా చేసి అప్పటికే రిటైరైంది. మామయ్య నేను రాకముందే పోయారు. మా ఆయనది కొత్తవలసలో రైల్వే ఉద్యోగం, వారానికోసారి వస్తాడు. అంచేత ఆమదాలవలసలో స్టేషన్ వెనక వీధిలో ఉన్న ఆ ఇంట్లో మిగతా ఆరు రోజులూ మేమిద్దరమే.

అత్తమ్మ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. నిజానికి నాకున్న బాధ అదే. "తిన్నావామ్మా?" "గొడుగు తీసుకున్నావామ్మా?" ఆసుపత్రిలో పేషెంటు తాలూకు వాళ్ళతో మాట్లాడినట్టు మాట్లాడేది. నా గది గుమ్మం దాకా వచ్చి, అక్కడే నిలబడి చెప్పాల్సింది చెప్పి వెళ్ళిపోయేది. కొడుకుని "ఒరే" అనేది. ఎదురింటి అమ్మాయిని "ఒసే, ఎక్కడికే అంత బేగి?" అని వీధంతా వినపడేలా పిలిచేది. నన్ను మాత్రం "అమ్మా" అనేది. మూడేళ్ళపాటు ఆ "అమ్మా" అనే మాట మా ఇద్దరి మధ్య ఒక బల్లలాగా ఉండిపోయింది.

నా పుస్తకం కూడా ఆమెకు నచ్చలేదనుకున్నాను. దాని అట్ట మీద ఎముకల చెయ్యి బొమ్మ ఉంటుంది. ఇల్లు తుడిచిన ప్రతిసారీ ఆమె ఆ పుస్తకాన్ని బోర్లించేది. రోజూ పొద్దున్నే బైబిలు చదివి ప్రార్థన చేసుకునే ఇంట్లో ఇదేం పుస్తకం అని ఆమె మనసులో ఉందేమోనని నేను దాన్ని బీరువాలో బట్టల కింద పెట్టుకోవడం మొదలుపెట్టాను.

వానలు మొదలైన నెలలో ఆమెకు కుడి కంటికి శుక్లం ఆపరేషన్ అయింది. శ్రీకాకుళంలో చేయించాం. మా ఆయన రెండు రోజులుండి డ్యూటీకి వెళ్ళిపోయాడు. నేను కాలేజీకి సెలవు పెట్టాను. రెండో కంటికీ శుక్లం ఉంది, కానీ దాన్ని తర్వాత చూద్దామన్నారు. కళ్ళజోడు నంబరు నెలన్నర దాటాకే ఇస్తారట. అప్పటిదాకా వంగకూడదు, బరువులెత్తకూడదు, పొయ్యి దగ్గరికి పోకూడదు, చదవకూడదు. జీవితమంతా రోగులకు పథ్యాలు చెప్పిన మనిషి కాబట్టి తనకు చెప్పిన ప్రతి మాటనూ తు.చ. తప్పకుండా పాటించింది. రెండు గంటలకోసారి చుక్కలు వెయ్యాలి. గడియారం చూడకుండానే, "టైమైనాదమ్మా," అనేది.

చుక్కలు వెయ్యాలంటే ముఖం పట్టుకోవాలి. ఎడమ చేత్తో చెంప పట్టుకుని, వేలితో కింది రెప్ప లాగి, కుడి చేత్తో సీసా వంచాలి. మూడేళ్ళలో నేను ఆమెను ముట్టుకోవడం అదే మొదలు. చెంప మెత్తగా, వెచ్చగా ఉంది. మొదటి చుక్క ముక్కు మీద పడింది.

"ముక్కుకి పొర నేదమ్మా. ఇంకాస్త పైకి," అంది అత్తమ్మ, కదలకుండా.

నాకు నవ్వొచ్చింది. ఆమె మాత్రం నవ్వలేదు.

పొద్దున్న బైబిలు నేనే చదివి వినిపించేదాన్ని. పాత తెలుగు, గ్రాంథికం, నోరు తిరగని యూదుల పేర్లు. నేను తడబడిన చోటల్లా ఆమె కళ్ళు మూసుకునే అందించేది. ఓ పది రోజులు పోయాక ఒక మధ్యాహ్నం మూడింటప్పుడు చుక్కలు వేయించుకుని, నల్లద్దాలు పెట్టుకుని, అడిగింది.

"నీ సదువు ఆగిపోనాది నా మూలాన. రోజూ నాకు సదివి పెడతన్నావు గానీ నీది ఏటీ సదవట్లేదు. నీదే సదువు. నాను ఇంటాను."

"వద్దత్తమ్మా. అవి ఇంగ్లీషు కథలు."

"తెలుగులో సెప్పు."

"దయ్యాల కథలత్తమ్మా."

"అయితే ఏటి? మార్చురీ తాళాలు పదేళ్లు నా బొడ్లోనే ఉండీవి."

బట్టల కింద నుంచి పుస్తకం తీశాను. మొదటి కథ ఘోరంగా చెప్పాను. ఇంగ్లీషులో ఒక వాక్యం చదవడం, దాన్ని తెలుగులో ఈడ్వడం. ఆ పండితుడు కథ మొదలుపెట్టడమే తీరిగ్గా మొదలుపెడతాడు. ఫలానా చర్చి ఎప్పుడు కట్టారు, దాని కిటికీలు ఎలా ఉంటాయి, ఫలానా కాగితం ఏ పెట్టెలో దొరికింది, ఇలా సాగుతుంది. మధ్యలో లాటిన్ వాక్యాలు పెడతాడు. అవన్నీ దాటేసి దయ్యం దగ్గరికి పోదామని చూశాను.

"ఆగు. అంతసేపు కాయితం తిప్పి ఇంతే సెప్పినావు. ఏటో దాటేసినావు."

"అది లాటిన్ అత్తమ్మా. పాత భాష. ఎవరికీ తెలీదు."

"ఎందుకు తెల్దు? మందుల సీటీ మీద ఉండేది అదే గదా. బి.డి. అంటే రోజుకి రెండుసార్లు, టి.డి.ఎస్. అంటే మూడుసార్లు, హెచ్.ఎస్. అంటే పడుకునే ముందు. మాకు ట్రైనింగులో నేర్పినారు. సదువు, సదువు."

అప్పటి నుంచి ఏదీ దాటెయ్యలేదు. లాటిన్ వాక్యం వస్తే పైకి చదివి, తర్వాత అర్థం చెప్పేదాన్ని. ఆమె బుద్ధిగా తలూపేది. రాసినాయన ఎవరని అడిగితే పాస్టరు గారి కొడుకని చెప్పాను, అప్పటి నుంచీ ఆయన ఆమెకు "పాస్టరు గారి అబ్బాయి" అయిపోయాడు.

రోజుకో కథ కాదు, సగం కథ. చుక్కలు వేశాక మొదలుపెట్టి, టీ పెట్టే వేళకి ఆపేసేదాన్ని. ఆమె ప్రశ్నలతో కథ నడిచేది కాదు. ఆ కథల్లో నాయకుడు చాలాసార్లు ఒంటిగా ఉండే చదువుకున్న మనిషి. ఏదో పాత వస్తువు వెతుక్కుంటూ తెలియని ఊరికి వెళ్తాడు, సత్రంలో దిగుతాడు. అత్తమ్మ వెంటనే, "ఈయనకి వొండి పెట్టేదెవలు?" అనేది. "జొరమొస్తే సూసేదెవలు?" అనేది. వస్తువు తియ్యొద్దని ఊళ్ళో ముసలాయన చెప్పినా నాయకుడు వినడు. "సదువుకున్నోలు ఎప్పుడు ఇన్నారు గనక! ఆపరేషన్ అయినాక నడవొద్దంటే నడిసేది కూడా లెక్చరర్లే," అని నా వైపు తిరిగి, "నిన్ను కాదమ్మా," అంది.

మా పరిశోధన భాషలో మేము అడగని ప్రశ్నలు అవన్నీ. నేను పక్కన ఒక నోటుపుస్తకం పెట్టుకుని రాసుకోవడం మొదలుపెట్టాను.

ఒకరోజు అడిగింది. "ఇంతకీ ఈ దయ్యం ఎవలు?"

"ఎవరంటే, దయ్యమే అత్తమ్మా."

"అది కాదు. ఎవలి తాలూకు? బతికున్నప్పుడు ఎవలు?"

చూసుకుంటే ఆ కథలో దానికి జవాబు లేదు. వెంట్రుకలు, పళ్ళు, సన్నటి చేతులు ఉన్న ఏదో ఒకటి వస్తుంది. అది ఎవరి అమ్మా కాదు, ఎవరి తమ్ముడూ కాదు.

"మన దయ్యాలకి సుట్టరికాలుంటాయి," అంది అత్తమ్మ. "బావిలో పడిపోయిన మావ పెద్దకూతురని, పురిట్లో పోయిన ఫలానా వాల కోడలని సెప్తారు. పేరెట్టి పిలుస్తారు. ఏటి గావాలే నీకు అని అడుగుతారు. కోడి గావాలంటాది, సీర గావాలంటాది. ఇచ్చీసి పంపిస్తారు. నాను అయ్యి నమ్మను గానీ, అలాగైతే ఓ పద్ధతి ఉన్నాది గదా. ఈయన దయ్యాలకి ఊరూ నేదు, పేరూ నేదు. ఎలాగ మాటాడతావు దాంతోటి?"

"మాట్లాడలేం కాబట్టే భయం, అత్తమ్మా."

"అదే అంటన్నాను."

మీ ఆసుపత్రిలో ఎవరూ ఏమీ చూడలేదా అని అడిగాను. చాలామంది చూసేవారంది. పోయే ముందు రోగులకు మంచం కాళ్ళ దగ్గర ఎవరో నిలబడినట్టు ఉంటుందట. కొత్త నర్సులు, "ఎవరూ లేరమ్మా, పడుకో," అనేవారట. అత్తమ్మ ఎప్పుడూ అలా అనలేదట.

"ఎవలొచ్చినారని అడిగీదాన్ని. మా అక్క అనీవారు. అయితే కూసోమను, నిలబడి కాళ్లు పీకుతాయి అనీదాన్ని. స్టూలు కూడా ఏసీదాన్ని మంచం పక్కన. ఏటి పోయింది? డాక్టరుగారు రౌండ్సుకొచ్చి, ఈ స్టూలేటి సిస్టర్ అనీవారు. విజిటర్స్‌కండీ అనీదాన్ని."

ఆ మాట చెప్పి తనే నవ్వింది. నల్లద్దాల కింద చెంపలు కదలడం చూసి నేనూ నవ్వాను. నవ్వుతూ పుస్తకం పక్కన పెడుతుంటే అట్ట మీది బొమ్మ ఆమె వైపుకి వచ్చింది. ఆపరేషన్ అయిన కంటికి దూరపు చూపు బాగానే వచ్చింది అప్పటికి.

"ఒసే, ఆ పుస్తకం బోర్లించవే," అంది.

"భయమా అత్తమ్మా?"

"బయమేటి? ఆ సెయ్యి సూడు. బొటనేలికి మూడు ఎముకలు గీసినాడు. బొటనేలికి రెండే ఉంటాయి. ట్రైనింగులో తప్పు రాస్తే మా మేట్రన్ ఏళ్ల మీద కొట్టీది. సూడలేక తిప్పేసీదాన్ని రోజూ."

నేను బొమ్మకేసి చూశాను. నిజమే, మూడున్నాయి. ఇన్నేళ్ళలో నేను లెక్కపెట్టలేదు. కానీ ఆ సాయంత్రం నాకు గుర్తుండిపోయింది ఎముకల సంగతి కాదు. ఆమె నన్ను "ఒసే" అంది. మా ఆయనకు ఫోన్ చేసి చెప్పాను. "ఇవాళ మీ అమ్మ నన్ను ఒసే అంది." అతను కంగారుపడి, "ఏమైంది? గొడవా?" అన్నాడు. "కాదు," అన్నాను. నవ్వి ఫోన్ పెట్టేశాను.

అప్పటికి నా థీసిస్ ఎనిమిది నెలలుగా ఒకే చోట ఆగిపోయి ఉంది. నాలుగో అధ్యాయం. ఆ రచయిత కథల్లో భయం ఎక్కడ పుడుతుంది అన్నది విషయం. నేను పాత పుస్తకాల గురించి, చరిత్ర గురించి ఏదేదో రాసి తీసుకెళ్తే, విశాఖపట్నంలో మా గైడు గారు చదివి, "ఇదంతా అందరూ అన్నదేనమ్మా. నీ మాట ఏదీ?" అని తిప్పి పంపేవారు.

శ్రావణంలో ఒక మధ్యాహ్నం వాన గట్టిగా పడుతోంది. కరెంటు లేదు. వరండా వైపు తలుపు తెరిచి ఆ వెలుతురులో చదువుతున్నాను. కథలో ఒకాయన చీకటి చోటులోకి చెయ్యి పెడతాడు. ఏదో మెత్తటిది తగులుతుంది. అంతే, మనిషి సగం చచ్చిపోతాడు. ఆ భాగం చెప్పి, అత్తమ్మ భయపడుతుందేమోనని చూశాను. ఆమె మంచం మీద ఒరిగి, చేతులు పొట్ట మీద పెట్టుకుని మెల్లగా అంది.

"మొన్నటి కతలోనూ ఇంతే. ముందు కతలోనూ ఇంతే. కళ్లతో సూసినప్పుడు బయం నేదు ఈయనకి. ముట్టుకుంటేనే బయం. సెయ్యి తగిల్తే సాలు, పేనం పోతాది. పాపం, పాస్టరు గారి అబ్బాయిని ఎవలూ దగ్గరికి తీసుకోనేదేటో."

ఆయన బాల్యం అలా ఏమీ లేదని, ప్రేమగల ఇంట్లోనే పెరిగాడని, స్నేహితులు చాలామంది ఉండేవారని చెప్పబోయాను. పుస్తకాల్లో అలాగే ఉంది. కానీ ఆమె చెప్పింది ఆ పండితుడి గురించి కాదని, ఆ కథలను ఏళ్ళ తరబడి పట్టుకుని వేళ్ళాడుతున్న నా గురించని నాకు తట్టింది. కళ్ళనీళ్ళు వచ్చేశాయి. ఏడుపు వినపడకుండా ఆపుకుందామనుకున్నాను. నర్సుకు వినపడకుండా ఏడవడం కుదరదు.

"ఏటే? ఏటైనాది?"

అప్పుడు చెప్పాను. అంతవరకు మా ఆయనకు కూడా పూర్తిగా చెప్పలేదు.

నేను డిగ్రీ చివరి సంవత్సరంలో ఉండగా మా అమ్మ విజయనగరంలో ఆసుపత్రిలో చనిపోయింది. పొద్దున్న పోయింది. నర్సమ్మ బయటికి వచ్చి, "లోపలికి రామ్మా, వచ్చి ఒకసారి చెయ్యి పట్టుకో," అంది. నేను గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయాను. అమ్మ చెయ్యి దుప్పటి బయట ఉంది. రోజూ నాకు జడ వేసిన చెయ్యి. దాన్ని ముట్టుకుంటే అది అమ్మ చెయ్యి కాకుండా పోతుందని భయమేసింది. ఇంటికి తెచ్చాక మా పిన్నిలు పిలిచారు, కాళ్ళకు పసుపు రాయమన్నారు. వెళ్ళలేదు. ధాన్యం బస్తాల గదిలో తలుపేసుకుని కూర్చున్నాను. ఆ తర్వాత రెండు మూడు నెలలకు కాలేజీ లైబ్రరీలో ఆ ఇంగ్లీషు పుస్తకం కనపడింది. నిలబడే ఒక కథ చదివాను. చెయ్యి తగిలితే హడలిపోయే మనిషి అందులో ఉన్నాడు. నన్ను ఎరిగిన వాడెవడో రాసినట్టు అనిపించింది.

"అమ్మ అంటే భయపడిన కూతురు ఎక్కడైనా ఉంటుందా అత్తమ్మా?" అన్నాను.

ఆమె ఓదార్చలేదు. ప్రార్థన చేద్దామనీ అనలేదు. కేసు వివరాలు అడిగినట్టు అడిగింది.

"మీ అమ్మని ఎవలు కడిగినారు?"

"తెలీదు. ఆ నర్సమ్మే అనుకుంటాను."

"లావుగా ఉండీదా?"

"సన్నం."

"జుత్తు?"

"చాలా ఉండేది. నడుం కిందకి."

"అయితే దువ్వడానికి సేనాసేపు పట్టుంటాది," అంది. "సూడు. ముందు కళ్లు మూస్తాం. తర్వాత మొకం తుడుస్తాం. గోరెచ్చటి నీళ్లతోటే, సన్నీళ్లు కాదు. ఆవిడకి తెల్దు గదా సిస్టర్ అని కొత్తపిల్లలు అడుగుతారు. మనకి తెలుస్తాది గదే అంటాను నాను. సెయ్యి ముందు సల్లగానే ఉంటాది. వదిలీకుండా పట్టుకుంటే నీ ఏడి దానికెక్కుతాది. అప్పుడింక బయం ఉండదు. మాటాడతాం కూడా. అందరం మాటాడతాం, పైకి సెప్పుకోం. అమ్మా, ఇటు తిరుగు. సెయ్యి ఇయ్యమ్మా. అయిపోనాది, ఒక్క నిమసం. అలాగ. మీ అమ్మ ఒక్కర్తీ నేదే. నువ్వు గుమ్మంలో ఉండిపోనావు, నిజమే. లోపల నాలాటిది ఒకత్తి ఉన్నాది. దువ్వే ఉంటాది జుత్తు."

వాన పడుతూనే ఉంది. "ఇటు రా," అంది. వెళ్ళి మంచం అంచున కూర్చున్నాను. నా చెయ్యి తీసుకుంది. కాసేపటికి చూస్తే ఆమె మూడు వేళ్ళూ నా నాడి మీదికి చేరి ఉన్నాయి. అలవాటు.

"ఎక్కువ కొట్టుకుంటన్నాది. మంచినీళ్లు తాగి రా. నా సుక్కల టైము దాటిపోనాది."

ఆ వారంలోనే నాలుగో అధ్యాయం రాసేశాను. స్పర్శ గురించి రాశాను. చుట్టరికం లేని దయ్యం ఎందుకు భయపెడుతుందో రాశాను. మా గైడు గారు చదివి, ఈసారి కాగితాలు తిరిగి ఇవ్వలేదు. "ఈ ఆలోచన ఏ పుస్తకంలోది?" అని అడిగారు. "మా అత్తమ్మదండీ, రిటైర్డ్ స్టాఫ్ నర్సు," అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి నన్ను చూసి, "అయితే కృతజ్ఞతల్లో మొదటి పేరు ఆవిడది రాయి, నాది కాదు," అన్నారు. అలాగే రాశాను.

ఆ ఏడు క్రిస్మస్ నాడు ఆరాధన అయ్యాక మధ్యాహ్నం, స్త్రీల సమాజం వాళ్ళు ఏడెనిమిది మంది మా ఇంటికి టీకి వచ్చారు. గులాబీ పువ్వుల పిండివంట, కజ్జికాయలు పళ్ళేల్లో పెట్టి అందిస్తుంటే, అత్తమ్మ కొత్త కళ్ళజోడు సర్దుకుని అందరికీ చెప్పింది. "మా కోడలు కత సెప్తాది. దయ్యం కత."

సంఘపెద్ద గారి భార్య చేతిలో కప్పు అలాగే ఆగిపోయింది. "క్రిస్మస్ పూట దయ్యాలేటమ్మా?"

"రాసినాయన పాస్టరు గారి అబ్బాయి. క్రిస్మస్‌కే సదివేవాడంట అందరికీ. బైబిలు బాగా సదువుకున్నోడు. నీకు బయమైతే ఇలాగొచ్చి నా పక్కన కూసో," అంది అత్తమ్మ.

ఇంగ్లీషు పుస్తకం తెరవలేదు. అప్పటికి నాకు ఆ అవసరం పోయింది. సొంతంగా ఒక కథ అల్లుకుని, మన మాటల్లోనే చెప్పాను. సముద్రం ఒడ్డున పాత మిషన్ బంగళా, పెళ్ళికాని లెక్కల మాస్టారు, తాళం లేని ఇనప్పెట్టె. దయ్యాన్ని కొంచెమే చూపించాను. ఎక్కువ చూపిస్తే పాడవుతుందని ఆ పండితుడి దగ్గర నేర్చుకున్నదే. దానికో చుట్టరికం కూడా పెట్టాను, అది అత్తమ్మ దగ్గర నేర్చుకున్నది. మాస్టారు పెట్టెలో చెయ్యి పెట్టిన చోట ఎవరో "ఓలమ్మో!" అని అరిచారు. అరిచింది సంఘపెద్ద గారి భార్యే. ఆవిడ అత్తమ్మ మోచెయ్యి గట్టిగా పట్టుకుని ఉంది. అందరూ నవ్వి, టీలు చల్లారిపోయాయని మళ్ళీ పెట్టించుకున్నారు. వెళ్ళేటప్పుడు ఆవిడ గుమ్మంలో ఆగి, మెల్లగా అడిగింది. "ఇంకోటి ఏటైనా ఉన్నాదా?"

ఇక చెప్పాల్సింది ఒక్కటే ఉంది.

ఫిబ్రవరిలో మా వీధి చివరింట్లో పెద్దావిడ పొద్దున్న నిద్రలోనే పోయింది. ఒంటరి మనిషి. అక్కచెల్లెళ్ళ పిల్లలు రాయగడ నుంచి రైలెక్కామని ఫోన్ చేశారు. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు వాకిట్లో చేరారు గానీ లోపలికి అడుగు పెట్టడానికి ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. ఎవరో వచ్చి అత్తమ్మను పిలిచారు. ఆమె చీర మార్చుకుని, తువ్వాలు, సబ్బు, దువ్వెన సంచిలో వేసుకుని, నా గదిలోకి వచ్చింది. గుమ్మంలో ఆగలేదు, మంచం దాకా వచ్చింది.

"నా ఒక్కదానివల్ల అవ్వదే, తిప్పాలంటే ఇంకొకలుండాల. వస్తావా? రాకపోయినా ఏటీ అనుకోను."

"వస్తాను," అన్నాను. లేచి జడ ముడి వేసుకున్నాను.

నీళ్ళు నేనే కాచాను. గోరువెచ్చగా ఉన్నాయో లేదో మోచేత్తో చూసింది అత్తమ్మ. గదిలో కిటికీ తెరిచి ఉంది, ఎండ మంచం మీద సగం దాకా పడుతోంది. ఆవిడ ముఖం ప్రశాంతంగా ఉందని చెప్పలేను. కొంచెం విసుగ్గా, ఎవరో నిద్రలేపినట్టుంది. "సెయ్యి పట్టుకో," అంది అత్తమ్మ. పట్టుకున్నాను. చల్లగా ఉంది. రాయిలా కాదు, కడిగి బోర్లించిన గిన్నెలా. వేళ్ళ సందుల్లో పసుపు ఇంకా ఉంది. వదిలెయ్యాలనిపించింది. వదల్లేదు. అత్తమ్మ ముఖం తుడుస్తూ, "అమ్మా, అయిపోనాది. ఒక్క నిమసం," అంటోంది. ఎంతసేపైందో తెలియదు, ఆ చెయ్యి నా చేతిలో అంత చల్లగా లేదు.

పక్కకి తిప్పాల్సి వచ్చినప్పుడు భుజం కింద చెయ్యి వేసి, నేనూ అన్నాను. "అమ్మా, ఇటు తిరుగు." నా గొంతు నాకే కొత్తగా వినపడింది. అత్తమ్మ తల ఎత్తి చూడలేదు. దువ్వెన నాకు అందించింది. ఆవిడకు పెద్దగా జుత్తు లేదు. ఉన్నంతా నెమ్మదిగా, చిక్కు లేకుండా దువ్వి ముడి పెట్టాను.

ఇంటికి వచ్చి ఇద్దరం తలస్నానాలు చేశాం. ఉప్మా చేస్తే రెండుసార్లు వడ్డించుకుని తిన్నాం. అంత ఆకలేసింది. తర్వాత అత్తమ్మ మంచం మీద ఒరిగింది. మూడవుతోంది. పుస్తకం తెమ్మంటుందేమో అనుకున్నాను.

"దయ్యాలొద్దు ఈయేల," అంది. "మీ అమ్మ గురించి సెప్పు. ఏటి బాగా వొండీది?"

పనసపొట్టు కూర అన్నాను. ఆవ పెట్టి చేసేదని, పొట్టు తనే కొట్టేదని, ఆ రోజున వీధిలో పోయేవాళ్ళు కూడా ఆగి, "ఏటొదినా, పనసపొట్టేనా?" అని అడిగేవారని చెప్పాను. జడ గట్టిగా లాగి వేస్తే ఏడ్చేదాన్నని, ఏడిస్తే ఇంకా గట్టిగా లాగేదని చెప్పాను. నాన్న మీద కోపం వస్తే ఆయనతో మాట్లాడకుండా పశువులతో మాట్లాడేదని, ఆయనకు చెప్పాల్సిందంతా గేదెకు చెప్పేదని చెప్పాను. అత్తమ్మ మధ్యమధ్యలో, "ఆవ నూరీదా, పొడి కొట్టీదా?" అంటూ అడుగుతూనే ఉంది. చాలా ఏళ్ళ తర్వాత అమ్మ గురించి అంతసేపు మాట్లాడాను. చెబుతుంటే అమ్మ చెయ్యి కాక, అమ్మ మొత్తం కనపడింది. టీ వేళ దాటిపోయింది, ఇద్దరం గమనించలేదు.